హక్కు తెలిసిన పిల్లవాడు, హక్కు తెలిసిన పోలీసు

(బొజ్జా తారకం గారి స్మృతిలో చేసిన ఉపన్యాసానికి అచ్చు ప్రతి)



 కారంచేడు, చుండూరు పోరాటాల నాయకుడిగా, కవిగా, హైకోర్టు న్యాయవాదిగా తారకం గారిని మీరందరూ ఎరుగుదురు. 1985లో కారంచేడులో దళితుల మారణకాండ జరిగినప్పుడు ప్రభుత్వ న్యాయవాది పదవిని వదిలేసి బాధితుల పక్కన నిలబడిన మనిషి. ఆ ఘట్టాల గురించి చాలామంది చాలా సభల్లో చెప్పారు. నేను ఆయన రాసిన ఒక పుస్తకాన్ని గుర్తుచేసి నా విషయంలోకి వెళ్తాను. ఆ పుస్తకం పేరు ‘పోలీసులు అరెస్టు చేస్తే’.

ఎమర్జెన్సీలో స్వయంగా జైలు చూసిన న్యాయవాది, పోలీసులు తలుపు తట్టినప్పుడు సామాన్యుడు ఏం చేయాలో, వాళ్లు ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో తెలుగులో రాసి పెట్టారు. చట్టం అనేది ఇంగ్లీషు వచ్చినవాళ్ల బీరువాలో ఉండే వస్తువు అనుకునే రోజుల్లో ఆయన దాన్ని కూలివాడి చేతికి అందించారు. మానవ హక్కుల విద్య అని ఇవాళ మనం పెద్ద పేరు పెట్టి పిలుస్తున్న పని అదే. ఆ పని పిల్లల విషయంలో ఇంకా సరిగా మొదలు కాలేదు. పదహారేళ్ల పిల్లవాడిని పోలీసులు పట్టుకెళ్తే ఏం జరగాలో ఆ పిల్లవాడికి తెలియదు. వాళ్లమ్మకు తెలియదు. చాలాచోట్ల పట్టుకెళ్లిన కానిస్టేబుల్‌కూ తెలియదు. ఈ మూడు తెలియకపోవడాలూ కలిసిన చోట మన బాల న్యాయ వ్యవస్థ కుంటుతోంది. నేను చెప్పదలుచుకున్నది దీని గురించే.

ఒక ఉదయం, ఒక బోర్డు

పేర్లూ ఊళ్లూ చెప్పకుండా ఒక సంగతి చెబుతాను. ఒక జిల్లా కేంద్రంలో జువెనైల్ జస్టిస్ బోర్డు కూర్చుంది. తొమ్మిదో తరగతిలో చదువు మానేసి మెకానిక్ షెడ్డులో పనిచేస్తున్న కుర్రాడిని తీసుకొచ్చారు. ఇద్దరు స్నేహితులతో కలిసి, షెడ్డు దగ్గర ఎవరో పెట్టి వెళ్లిన బండి తీసుకుని తిరిగాడు. పెట్రోలు అయిపోగానే దారిలో వదిలేశాడు. కాగితాల్లో ఆ రోజు పొద్దున్నే పట్టుకున్నట్టు ఉంది. పిల్లవాడి చొక్కా చూస్తే ఆ పొద్దున వేసుకున్నది కాదని తెలిసిపోతోంది.

మేజిస్ట్రేట్ గారు మంచి మనిషి. గొంతు తగ్గించి, “ఏమైనా చెప్పుకోవాల్సింది ఉందా బాబూ?” అని అడిగారు. కుర్రాడు తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ వైపు ఒకసారి చూసి, “ఏం లేదు సార్” అన్నాడు. బోర్డులోని సభ్యురాలికి ఆ చూపు అర్థమైంది. ఆమె కానిస్టేబుల్‌ని బయట కూర్చోమని చెప్పి, పిల్లవాడిని దగ్గరికి పిలిచి కుర్చీ వేయించారు. “నువ్వు ఇక్కడ ఏం చెప్పినా నిన్ను మళ్లీ స్టేషన్‌కి పంపే అధికారం ఎవరికీ లేదు. మేం పంపం” అన్నారు. అప్పుడు నోరు విప్పాడు. రెండు రాత్రులు స్టేషన్లో బల్ల కింద పడుకున్నానన్నాడు. ఒప్పుకుంటే ఇంటికి పంపేస్తామంటే కాగితం మీద సంతకం పెట్టానన్నాడు. “చెప్తే మళ్లీ తీసుకెళ్తారేమో అనుకున్నా మేడమ్” అన్నాడు.

ఆ గదిలో చట్టం లేకపోలేదు. చట్టపుస్తకం బల్లమీదే ఉంది. మంచి మేజిస్ట్రేట్ ఉన్నారు. ఆయన వేయాల్సిన ప్రశ్నే వేశారు. అయినా ఒక్క వాక్యం పిల్లవాడి చెవిన పడేదాకా ఆ చట్టం వాడికి ఎందుకూ కొరగాలేదు. ఆ ఒక్క వాక్యమే హక్కుల విద్య.

చట్టం ఏం చెబుతోంది?

ఆ కుర్రాడి విషయంలో ఏం జరిగి ఉండాలో చూద్దాం. 2015 నాటి బాల న్యాయ చట్టం 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది కేంద్రం నమూనా నిబంధనలు తెచ్చింది. గరిష్ఠ శిక్ష మూడేళ్ల వరకు ఉండే నేరాలను ఈ చట్టం చిన్న నేరాలు అంటుంది. మామూలు దొంగతనం ఆ కోవలోనిదే. చిన్న నేరానికి పిల్లవాడి మీద ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు. అతి తీవ్ర నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప స్టేషన్ జనరల్ డైరీలో రాసుకుని, పిల్లవాడి సామాజిక నేపథ్య నివేదిక తయారుచేసి బోర్డుకు పంపాలి. పిల్లవాడి మేలుకు అవసరమైతే తప్ప ఇలాంటి నేరాల్లో అదుపులోకి తీసుకోవడమే కూడదు. బోర్డు ముందుకు ఎప్పుడు రావాలో అమ్మానాన్నలకు చెబితే చాలు.

ఒకవేళ అదుపులోకి తీసుకుంటే? లాకప్పులో పెట్టకూడదు. జైలుకు పంపకూడదు. బేడీలు, గొలుసులు వేయకూడదు. ప్రయాణ సమయం మినహా 24 గంటల లోపు బోర్డు ముందు హాజరుపరచాలి. ఏ ఆరోపణ మీద తెచ్చారో చెప్పాలి. తల్లిదండ్రులకు కబురు పెట్టాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలి. నేరం ఒప్పుకోమని బలవంతపెట్టకూడదు. ఏ వాంగ్మూలం మీదా సంతకం చేయించకూడదు. మాట్లాడేది స్టేషన్‌లా కనిపించని చోట కావాలి. ప్రతి స్టేషన్లో ఏఎస్‌ఐ హోదాకు తగ్గని ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి.

బోర్డు సంగతీ అంతే. మేజిస్ట్రేట్‌తో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు, అందులో ఒకరైనా మహిళ. ఎత్తైన వేదిక మీద కూర్చోకూడదు. బోను ఉండకూడదు. విచారణ నాలుగు నెలల్లో ముగియాలి. మరో రెండు నెలలు పొడిగించినా చిన్న నేరం విచారణ పూర్తికాకపోతే ఆ కేసు అంతటితో ముగిసినట్టే. హోమ్‌కి పంపడం చిట్టచివరి మార్గం. కొన్ని మినహాయింపులున్నా, కేసు తేలిన తర్వాత ఆ మచ్చ ఉద్యోగానికీ చదువుకూ అడ్డం రాకూడదు. పేరు, ఊరు, బడి, ఫోటో పత్రికల్లో రాకూడదు.

ఇంత మంచి చట్టం మనకు ఉంది. ఇది ఒక్కరోజులో ఊడిపడలేదు. 1920లోనే మద్రాసు బాలల చట్టం వచ్చింది. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాలకు దేశంలోకెల్లా మొదటి బాలల చట్టం వర్తించింది. పిల్లల్ని జైళ్లలో పెడుతున్నారని పాత్రికేయురాలు షీలా బర్సే సుప్రీంకోర్టు మెట్లెక్కితే, 1986లో కోర్టు ప్రభుత్వాలను నిలదీసింది. దేశమంతటికీ ఒకే బాల న్యాయ చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను 1989లో ఆమోదిస్తే, మన దేశం 1992 డిసెంబరులో అందులో చేరింది. ఆ ఒడంబడికలోని 42వ అధికరణం ఇవాళ్టి మన విషయానికి ఆయువుపట్టు. ఇందులోని సూత్రాలను పెద్దలకూ పిల్లలకూ కూడా విస్తృతంగా తెలియజేయడం ప్రభుత్వాల బాధ్యత అని అది చెబుతుంది. హక్కు ఇవ్వడం ఒక బాధ్యత, ఇచ్చిన సంగతి తెలియజెప్పడం మరో బాధ్యత. మొదటిది చాలావరకు జరిగింది. రెండోదాని ఊసు లేదు.

మౌనంగా ఉండే హక్కు పిల్లవాడికి ఎలా వినిపిస్తుంది?

తెలియజెప్పడమంటే చదివి వినిపించడం కాదు. దీనికి అమెరికా అనుభవం మంచి పాఠం. 1964 జూన్‌లో ఆరిజోనా రాష్ట్రంలో జెరాల్డ్ గాల్ట్ అనే పదిహేనేళ్ల కుర్రాడిని, పక్కింటావిడకు ఫోన్ చేసి అసభ్యంగా మాట్లాడాడన్న ఫిర్యాదు మీద పోలీసులు తీసుకెళ్లారు. అమ్మానాన్నలిద్దరూ పనికి వెళ్లారు. ఇంట్లో ఒక చీటీ కూడా పెట్టలేదు. సాయంత్రం తల్లి ఇంటికొచ్చి కొడుకు కోసం వెతికించుకుంటే గానీ సంగతి తెలియలేదు. వకీలు లేడు. ఫిర్యాదు చేసినావిడ విచారణకే రాలేదు. చివరికి ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా, అంటే ఆరేళ్లపాటు, సంస్కరణ పాఠశాలలో ఉంచమన్నారు. అదే పని పెద్దవాడు చేసి ఉంటే పడే గరిష్ఠ శిక్ష యాభై డాలర్ల జరిమానా, లేదంటే రెండు నెలల జైలు. 1967 మే 15న అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. పిల్లల మేలు కోరుతున్నామన్న పేరుతో వాళ్ల హక్కులు లాక్కోకూడదని, నోటీసు, వకీలు, తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పకుండా ఉండే హక్కు పిల్లలకూ ఉండాలని చెప్పింది.

హక్కు వచ్చింది. తర్వాత ఏమైంది? థామస్ గ్రిస్సో అనే మనస్తత్వవేత్త, పోలీసులు చదివి వినిపించే ఆ హక్కులు పిల్లలకు ఎంతవరకు అర్థమవుతున్నాయో పరిశీలించి 1980లో ప్రచురించారు. పదిహేనేళ్ల లోపు పిల్లల్లో చాలామందికి సరిగా అర్థం కావడం లేదని తేలింది. అంతకంటే కలవరపెట్టే సంగతి మరొకటి ఉంది. మాటలు అర్థమైన పిల్లల్లో కూడా చాలామంది, మౌనంగా ఉండే హక్కును జడ్జిగారు కావాలంటే వెనక్కి తీసుకోవచ్చని అనుకున్నారు. పెద్దవాళ్లు దయతలిచి ఇచ్చేది, కోపమొస్తే తీసేసుకునేది అని.

పిల్లలకు ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? వాళ్ల బతుకులోంచే వచ్చింది. ఇంట్లో సెలవంటే నాన్న ఇచ్చేది. బడిలో మాట్లాడే అవకాశమంటే టీచరు ఇచ్చేది. షెడ్డులో కూలి అంటే ఓనరు ఇష్టమున్నప్పుడు ఇచ్చేది. పుట్టినప్పటి నుంచి ప్రతిదీ ఎవరో ఒకరి దయ మీద దొరికిన పిల్లవాడికి, స్టేషన్లో నిలబెట్టి “నీకు హక్కుంది” అని ఒక కాగితం చదివితే వాడి బుర్రకు ఎక్కదు. మన బోర్డు ముందు కానిస్టేబుల్ వైపు చూసిన కుర్రాడి చూపులో ఉన్నదీ ఆ లెక్కే.

అందుకే 2011 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవ హక్కుల విద్య ప్రకటన ఈ చదువును మూడు భాగాలు చేసింది. హక్కుల గురించి చదవడం, హక్కుల్ని గౌరవించే పద్ధతిలో చదవడం, హక్కుల కోసం నిలబడగలిగేలా చదవడం. మన బడుల్లో మొదటిది కొంత ఉంది. సాంఘిక శాస్త్రంలో ప్రాథమిక హక్కుల పాఠం ఉంది, దాని మీద ప్రశ్నలొస్తాయి, పిల్లలు కంఠతా పట్టి రాస్తారు. రెండోదీ మూడోదీ లేవు. ప్రాథమిక హక్కుల పాఠం సరిగా అప్పజెప్పలేదని బెత్తంతో కొట్టే బడి పిల్లవాడికి ఏం నేర్పుతుంది? హక్కు అనేది పుస్తకంలో ఉంటుందనీ, బెత్తం ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే చెల్లుతుందనీ నేర్పుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఆ సెక్షన్ అమలుకాని బడిలో హక్కుల పాఠం చెప్పి ప్రయోజనం లేదు.

చేసి చూసినవాళ్ల అనుభవం

ఇదంతా ఆదర్శంలా వినిపించవచ్చు. చేసి చూసినవాళ్లున్నారు. మన పక్క రాష్ట్రం తమిళనాడులో పీపుల్స్ వాచ్ సంస్థ 1997లో బడుల్లో మానవ హక్కుల విద్య మొదలుపెట్టింది. తర్వాత అది మరెన్నో రాష్ట్రాలకు పాకింది. మోనిషా బజాజ్ అనే పరిశోధకురాలు ఆ బడులు తిరిగి 2012లో ఒక పుస్తకం వెలువరించారు. పిల్లలు తమ ఊళ్లో బాల్యవివాహాలు ఆపడానికి పూనుకున్నారు, కుల వివక్షను ప్రశ్నించారు. కొందరికి ఎదురుదెబ్బలూ తగిలాయి. ఆమె గమనించిన వాటిలో నాకు అన్నిటికంటే విలువైనది టీచర్ల సంగతి. హక్కుల పాఠం చెప్పడానికి శిక్షణ పొందిన ఉపాధ్యాయుల్లో కొందరు బెత్తం పక్కన పెట్టారు. పిల్లలకని తయారైన చదువు ముందు పెద్దల్ని మార్చింది. కింది కులాల నుంచి, పేద ఇళ్ల నుంచి వచ్చిన పిల్లవాడు ఒంటరిగా ప్రశ్నిస్తే దెబ్బ తింటాడు, పక్కన టీచరు నిలబడితే నెగ్గుతాడు. ఈ సంగతి మనం బాగా గుర్తుపెట్టుకోవాలి.

ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్ కౌంటీ బాలల హక్కుల ఒడంబడిక ఆధారంగా బడుల నడతనే మార్చుకోవడానికి పూనుకుంది. కెనడాకు చెందిన కేథరీన్ కోవెల్, బ్రయన్ హౌ దాన్ని ఏళ్ల తరబడి గమనించారు. బడి మొత్తం మనసుపెట్టి అమలుచేసిన చోట కొట్లాటలు, వేధింపులు తగ్గాయి, పిల్లల్ని బడి నుంచి గెంటేయడం తగ్గింది. పేదరికం ఎక్కువున్న ప్రాంతాల బడుల్లో మేలు మరింత కనిపించింది. మొక్కుబడిగా చేసిన చోట ఆ ఫలితం రాలేదు. తన హక్కు ఏమిటో తెలిసిన పిల్లవాడు పక్కవాడి హక్కును గుర్తించడం మొదలుపెడతాడని వాళ్లు చెప్పారు. బడి నుంచి గెంటేసిన పిల్లవాడే వీధిలో పోలీసు కంట పడతాడని మనకు తెలుసు. కాబట్టి బాల న్యాయం బోర్డులో మొదలు కాదు, బడిలోనే మొదలవుతుంది.

రెండు అభ్యంతరాలు

ఇక్కడ ఇద్దరు మిత్రులు లేచి అడగదగ్గ ప్రశ్నలున్నాయి. మొదటిది: పిల్లలకు హక్కులు చెబితే బాధ్యతలు ఎవరు చెబుతారు? రెండోది: బాధితుల మాటేమిటి?

మొదటిదానికి నా జవాబు ఇది. స్టేషన్‌కి వచ్చే పిల్లవాడికి బాధ్యతల గురించి చెప్పనివాళ్లు లేరు. ఊరంతా చెప్పింది. వాడు వినలేదంటే, చెప్పినవాళ్లెవరూ వాడి పట్ల తమ బాధ్యత నిలబెట్టుకోకపోవడం వల్ల. చట్టం తనతో న్యాయంగా నడుచుకుందని మనిషికి అనిపించినప్పుడే చట్టాన్ని గౌరవిస్తాడని, భయం ఒక్కటే ఆ పని చేయదని టామ్ టైలర్ వంటివాళ్లు దశాబ్దాలుగా చెబుతున్నారు. స్టేషన్లో తిన్న దెబ్బ పిల్లవాడికి చట్టం పట్ల గౌరవం నేర్పదు. దొరక్కుండా చేయడం నేర్పుతుంది.

రెండోది నిజమైన ప్రశ్న. బండి పోగొట్టుకున్న మనిషికి, దెబ్బలు తిన్న మనిషికి, అంతకంటే ఘోరం జరిగిన ఆడపిల్లకు న్యాయం కావాలి. అందులో రాజీ లేదు. 2012 డిసెంబరులో, నిందితుల్లో ఒక బాలుడు కూడా ఉన్న ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత దేశం మొత్తం కోపంతో కదిలింది. ఆ కోపం న్యాయమైనది. ఆ కోపం మధ్యలో కూర్చుని ఆలోచించిన జస్టిస్ వర్మ కమిటీ మాత్రం 2013 జనవరిలో ఇచ్చిన నివేదికలో, బాలల వయోపరిమితి తగ్గించాలన్న వాదనను ఒప్పుకోలేదు. తర్వాత వచ్చిన 2015 చట్టం, పదహారు దాటిన పిల్లలు అతి తీవ్ర నేరాలు చేస్తే పెద్దవాళ్లలా విచారించే దారి తెరిచింది. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్క ప్రకారం దేశంలో పిల్లల మీద నమోదైన కేసులు 30,555. నలభై కోట్లకు పైగా బాలలున్న దేశం మనది. మొత్తం నేరాల్లో ఇది వందకు ఒకటి కూడా కాదు. ఈ కొద్దిమందితో మనం ఎలా నడుచుకుంటామన్నది రేపు వాళ్లవల్ల బాధితులు ఉంటారా, ఉండరా అన్నది తేలుస్తుంది. బాధితుల పక్షాన ఉన్నవాళ్లు ముందుగా కోరుకోవాల్సింది అదే పిల్లవాడు రెండోసారి ఆ తలుపు దగ్గరికి రాకూడదని.

హక్కుల చదువు లేకపోతే ఎంత నష్టమో చెప్పడానికి ఇంకో ఉదాహరణ చాలు. పదిహేడేళ్ల కుర్రాడు, పదహారేళ్ల అమ్మాయి ఇష్టపడి ఇల్లు వదిలి వెళ్లిపోతారు. అమ్మాయి ఇంటివాళ్లు కేసు పెడతారు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టంలో పద్దెనిమిది లోపు అమ్మాయి ఇష్టానికి విలువ లేదు. ఇలాంటి కేసుల్లో మోపే లైంగిక దాడి నేరానికి కనీస శిక్షను 2019 సవరణ పదేళ్లకు పెంచింది. కనీస శిక్ష ఏడేళ్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అది అతి తీవ్ర నేరం కిందికి వస్తుంది. అంటే ఆ కుర్రాడిని పెద్దవాడిలా విచారించాలా వద్దా అన్న పరీక్ష దాకా వ్యవహారం పోతుంది. ఇంటర్ చదివే ఎంతమంది పిల్లలకు ఈ సంగతి తెలుసు? ఎంతమంది లెక్చరర్లు క్లాసులో దీని గురించి నోరు విప్పుతారు? సిగ్గుపడి మనం దాచిన పాఠం పిల్లలు కోర్టులో నేర్చుకుంటున్నారు.

ఎవరికి నేర్పాలి, ఎక్కడ నేర్పాలి?

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. హక్కుల విద్య అనగానే పిల్లలకు క్లాసు పీకడం అని మన అధికారులు అనుకుంటారు. లీగల్ లిటరసీ క్లబ్బు పెట్టి, ఏడాదికోసారి జడ్జిగారిని పిలిచి, ఫోటో తీసి నివేదిక పంపుతారు. అది అక్కర్లేదని అనను. కానీ బోర్డు ముందుకు వచ్చే పిల్లల్లో చాలామంది ఆ బడిలో లేరు. ఎప్పుడో మానేశారు. మెకానిక్ షెడ్డులో, హోటల్లో, ఇటుక బట్టీలో, సెంట్రింగ్ పనిలో, రైల్వే స్టేషన్లో ఉన్నారు. వాళ్లు ఎవరి పిల్లలో మీకు తెలుసు: దళితుల, ఆదివాసుల, ముస్లింల, వలస కూలీల పిల్లలు. ఇదే అల్లరి మధ్యతరగతి కుర్రాడు చేస్తే నాన్న ఒక ఫోన్ చేస్తాడు, పిల్లవాడు రాత్రికి ఇంట్లో ఉంటాడు. చట్టం చెప్పిన పద్ధతి నిజానికి ఆ మధ్యతరగతి కుర్రాడికి ఫోన్ మీద అందుతోంది. అదే పద్ధతి మిగతా పిల్లలకు ఏ ఫోనూ లేకుండా అందాలి. సమానత్వం అంటే నాకు అర్థమైనది ఇంతే.

అందుకని హక్కుల చదువు అధికారం ఉన్నవాడి దగ్గర మొదలుకావాలి. పిల్లవాడికి హక్కు చెప్పి, ఎదుటి పోలీసుకు చెప్పకపోతే మనం ఆ పిల్లవాడిని దెబ్బకు ఎదురు పంపినవాళ్లమవుతాం. పోలీసు శిక్షణ కళాశాలలో బాల న్యాయ చట్టం ఒక గంట ఉపన్యాసంగా ఉంటే చాలదు. కొత్త కానిస్టేబుల్ ఒక రోజు బోర్డులో కూర్చోవాలి, ఒక రోజు అబ్జర్వేషన్ హోమ్‌లో పిల్లలతో గడపాలి. పిల్లవాడికి ఆరోపణ ఎలా వివరించాలో, తల్లికి ఫోన్ చేసి ఏం చెప్పాలో చేసి చూపించాలి. స్టేషన్లో బాలల సంక్షేమ అధికారిగా పేరు రాసిన మనిషికి ఆ పనే ప్రధానమై ఉండాలి. బందోబస్తు, ట్రాఫిక్, ప్రొటోకాల్ అన్నీ చూసుకుని మిగిలిన వేళల్లో చేసే పనిగా మిగలకూడదు. 2018లో సంపూర్ణ బెహురా కేసులో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు బాల న్యాయ సంస్థల్లోని ఖాళీల గురించి, పోలీసులకూ బోర్డులకూ కావలసిన శిక్షణ గురించి గట్టిగానే చెప్పింది. అది అమలయ్యేదాకా అడుగుతూ ఉండడం మన వంతు.

తర్వాత స్టేషన్లో పిల్లవాడి సంగతి. ఒక పేజీ కాగితం చాలు. తెలుగులో, ఉర్దూలో, లంబాడీలో, కోయలో, గోండీలో, పిల్లలు మాట్లాడే మాటల్లో. “నిన్ను లాకప్పులో పెట్టకూడదు. మీ అమ్మానాన్నలకు చెప్పాలి. రేపటిలోగా బోర్డుకు తీసుకెళ్లాలి. నీకు వకీలును ఉచితంగా ఇస్తారు. ఏ కాగితం మీదా సంతకం పెట్టక్కర్లేదు. ఎవరైనా కొడితే బోర్డులో చెప్పు. చెప్పినందుకు నిన్ను మళ్లీ ఇక్కడికి పంపరు.” దీన్ని చదివి వినిపించి వదిలేయకూడదు. “ఇప్పుడు నువ్వు చెప్పు, నీకేం అర్థమైంది?” అని వాడి నోటితో చెప్పించాలి. చదవడం రాని పిల్లలకు ఇదొక్కటే దారి. ఈ పని పోలీసు చేతికి వదలకుండా న్యాయ సేవాధికార సంస్థ వాలంటీరు చేయాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లలందరికీ, ఆదాయంతో పనిలేకుండా, ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆ సహాయం మొదటి వాయిదా రోజున కాదు, మొదటి గంటలోనే అందాలి.

బోర్డులో ప్రతి విచారణకు ముందు ఐదు నిమిషాలు కేటాయించాలి. ఎదురుగా ఉన్నది ఎవరు, పక్కన ఉన్న వకీలు ఎవరి తరఫున మాట్లాడతాడు, ఇవాళ ఏం జరుగుతుంది, తర్వాత ఎప్పుడు రావాలి అన్నవి పిల్లవాడికి చెప్పాలి. కేసుల రద్దీలో ఈ ఐదు నిమిషాలు దొరకవని అంటారు. పిల్లవాడికి తన కేసు అర్థంకాక వాయిదాకు రాకపోతే పోయే సమయం ఇంతకన్నా చాలా ఎక్కువ.

హోమ్‌ల సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే హక్కులు నేర్చుకోవడానికి అన్నిటికంటే కష్టమైన చోటు అది. నమూనా నిబంధనల్లో బాలల కమిటీలు ఉన్నాయి, ఫిర్యాదుల పెట్టె ఉంది. బోర్డు నెలకోసారైనా హోమ్‌ను తనిఖీ చేయాలని చట్టంలో ఉంది. వీటిని పనిచేయించడమే హక్కుల విద్య. మెనూలో ఏం మారాలో పిల్లల కమిటీ చెప్పి, అది మారితే, ఆ పిల్లలు ఒక ప్రజాస్వామ్య పాఠం చదివినట్టే. పెట్టెలో వేసిన చీటీకి వారంలోగా జవాబు గోడ మీద పెడితే, అడిగితే జవాబు వస్తుందన్న నమ్మకం కలుగుతుంది. పెట్టెకు తాళం వేసి తాళంచెవి సూపరింటెండెంటు జేబులో ఉంటే, ఏ పుస్తకం చదివించినా ఆ నమ్మకం రాదు. హైదరాబాద్‌లోని సైదాబాద్‌లో అయినా, ఇంకే ఊళ్లో అయినా, హోమ్‌లో ఉండి వచ్చిన పిల్లవాడు మళ్లీ పాత దారి పట్టాడా లేదా అని మనం లెక్కలు అడుగుతాం. అక్కడ ఉన్నన్నాళ్లూ వాడి మాటకు విలువ ఇచ్చారా అని ఎవరూ అడగరు. రెండో ప్రశ్నకు జవాబు సరిగా ఉంటేనే మొదటి ప్రశ్నకు మంచి జవాబు వస్తుంది.

ఈ సభకు నా విన్నపం

ఇక్కడ లా విద్యార్థులున్నారు. అమెరికాలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ న్యాయ విద్యార్థులు 1972లో వాషింగ్టన్ బడులకు వెళ్లి, వీధిలో మనిషికి అక్కరకొచ్చే చట్టం చెప్పడం మొదలుపెట్టారు. స్ట్రీట్ లా అన్న ఆ పని ఎన్నో దేశాలకు పాకింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని లా కాలేజీలున్నాయి. ప్రతి కాలేజీలో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉండాలన్న నియమమూ ఉంది. మీ కాలేజీకి దగ్గరలోని షెడ్ల వీధిని, హాస్టళ్లను, ఐటీఐలను, రైల్వే స్టేషన్‌ను మీ క్లాసురూమ్ చేసుకోండి. ఆదివారం సాయంత్రాలు పని దిగిన కుర్రాళ్లతో కూర్చోండి. వాళ్లకు చెప్పండి, వాళ్లు చెప్పేది రాసుకోండి.

ఉపాధ్యాయులున్నారు. చదువు మానేసిన పిల్లవాడి ఇల్లు ఎక్కడో మీకు తెలిసినట్టు ఏ శాఖకూ తెలియదు. హక్కుల పాఠం చెప్పే ముందు మీ క్లాసులో బెత్తం తీసేయండి. మీ పూర్వ విద్యార్థి ఎవరైనా బోర్డు ముందు నిలబడ్డాడని తెలిస్తే వెళ్లి పక్కన నిలబడండి. బోర్డు కోసం తయారయ్యే సామాజిక దర్యాప్తు నివేదికలో మీ మాట రాయించండి. ఆ పిల్లవాడి గురించి మంచి మాట చెప్పగలిగినవాళ్లు ఈ ప్రపంచంలో మీరే కావచ్చు.

న్యాయవాద మిత్రులున్నారు. బోర్డు కేసులో పేరు రాదు, డబ్బు రాదు. నెలలో ఒక్క రోజు మీ జిల్లా బోర్డుకు ఇవ్వండి. ఎవరైనా పిల్లవాడిని 24 గంటలు దాటి స్టేషన్లో ఉంచారని తెలిస్తే ఆ రోజే రాతపూర్వకంగా బోర్డు ముందు పెట్టండి. ఒక స్టేషన్ మీద రెండు ఉత్తర్వులు వస్తే, మూడో పిల్లవాడిని ఆ స్టేషన్ గంటల్లో బోర్డుకు తెస్తుంది. ఆ ఉత్తర్వు కూడా హక్కుల విద్యే. దాన్ని చదువుకునేది పోలీసులు.

ఈ సభ ఒక పని తలపెట్టాలని కోరుతున్నాను. నేను ఇందాక చదివిన ఒక పేజీ కాగితాన్ని మన రెండు రాష్ట్రాల భాషల్లోకి సరిగా రాయించి, పిల్లలకే చదివి వినిపించి, వాళ్లకు అర్థంకాని మాటలు తీసేసి, ఏడాది తిరిగేలోగా ప్రతి బోర్డుకూ ప్రతి న్యాయ సేవాధికార సంస్థకూ అందజేద్దాం. ప్రతి స్టేషన్లో దాన్ని పెట్టించమని రెండు ప్రభుత్వాలనూ అడుగుదాం. పెట్టారో లేదో మళ్లీ మనమే వెళ్లి చూద్దాం. ఈ పనికి పేర్లు ఇచ్చే కాగితం బయట బల్ల మీద ఉంది. దయచేసి అందరూ సంతకం చేసి వెళ్లండి.